ట్యాంకు కాలికి ఎర్రచీర

అశోక్‌నగర్‌లో ఇప్పుడు ఒక మంచానికి చోటుంటే దాన్ని గది అంటారు, రెండు మంచాలకు చోటుంటే హాస్టల్ అంటారు. మా చెల్లెలి మనవరాలు మమత అలాంటి ఒక హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగానికి చదువుతోంది. దానికి మామిడికాయ తొక్కు ఇచ్చి వద్దామని మొన్న ముసురు పట్టిన రోజున వెళ్లాను. కింద మూడంతస్తులు సిమెంటువి. వాటి నెత్తిన ఇనుప స్తంభాలు నిలబెట్టి, రేకులు తొడిగి, నాలుగో అంతస్తు లేపుతున్నారు. చదువుకునే పిల్లలు ఎట్లాగూ ఆశ మీద బతుకుతారు గనక వాళ్లను గాల్లో ఉంచినా ఫరవాలేదని ఓనరు అనుకున్నట్టుంది. పైన ఒక పెయింటరు జల్లు పడుతుండగానే, ఇనుము మీద నీటి చుక్కలు జారుతుండగానే, బూడిద రంగు వేసుకుంటూ పోతున్నాడు. మొహం కడగకుండా పౌడరు అద్దుకున్నట్టుంది ఆ పని. తలకు పెట్టుకోవాల్సిన టోపీని బండి అద్దానికి తగిలించిన సూపర్‌వైజరు ఒకడు పక్కనే ఫోన్ చూసుకుంటున్నాడు.

"తమ్మీ, తడి మీద ఏస్తున్నరేంది?" అన్నాను.

"ఆంటీ, ఇది మామూలు రంగు కాదు. ఎపాక్సీ. ఇరవై ఏండ్ల గ్యారంటీ."

"గ్యారంటీ రంగుకా, నీ నౌకరికా?"

పెయింటరు కిసుక్కున నవ్వాడు. మమత నా కొంగు పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, ఊకో. ఓనర్ వింటే నన్ను ఖాళీ చేయమంటడు." నేను ఊరుకునేదాన్నే. కానీ అప్పుడే ఈశాన్యం మూల స్తంభం కంటబడింది. దానికింకా రంగు పడలేదు. ఉత్త ఇనుము మీద అరచేతి మేర నూనె పసుపు, దాని మధ్య కుంకుమ బొట్లు, కొబ్బరికాయ కొట్టిన నీళ్లు కింది దాకా కారిన చార. "ఇదేంది తమ్మీ?" అంటే సూపర్‌వైజరు ఫోన్ మీంచి తలెత్తకుండా, "సెంటిమెంట్ ఆంటీ. ఓనర్ సెంటిమెంట్. దాని మీదికెళ్లే రంగు ఏసేస్తం" అన్నాడు. "సెంటిమెంట్ మీద ప్రైమర్ అంటదు నాయనా" అని చెప్పి మెట్లు దిగాను. అంత తక్కువ మాటలతో నేనొక చోటు నుంచి కదలడం మమత ఎప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగింది కూడా. ఏం చెప్పాలి దానికి? ఇనుప కాలికి పసుపు పూస్తే ఏమవుతుందో ఈ పట్నంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. చదివింది ఏడో తరగతే గానీ, అటువంటి కాలి కిందే తిని, పడుకుని, పెరిగాను నేను.

మా గది చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో, రాజమణమ్మ గారి ఆవరణలో ఉండేది. గది అనడం మర్యాదకు. ఆవరణ మూలన నాలుగు ఇనుప పైపుల కాళ్ల మీద నీళ్ల ట్యాంకు ఉండేది. నాలుగు కాళ్లు ఎలాగూ ఉన్నాయి, నడుమ నాలుగు గోడలు లేపితే అది గది కాదా అని రాజమణమ్మ గారికి తోచింది. మూడు వైపులా ఇటుక, ఒక వైపు రేకు, నెత్తిన ఒక సిమెంటు రేకు, దాని పైన ఊరి నీళ్లన్నీ. పాలమూరు నుంచి వచ్చిన మాలాంటి వాళ్లు కాక అందులో ఇంకెవరుంటారు? మా నాయన కిష్టయ్య ఇనుముకు రంగులు వేసే మేస్త్రి. ఏడాదికోసారి వానల ముందు ట్యాంకు కాళ్లకు రంగు వేసే ఒప్పందం మీద ఆ గది దక్కింది. ట్యాంకు నిండితే మా గదికి చెమట పట్టేది. నీళ్లు అయిపోతే ఉక్కపోసేది. ఆవరణలో మిగతావాళ్లు నల్లా తిప్పి చూసి నీళ్ల సంగతి తెలుసుకుంటే, మేము పడుకుని పైకి చూసి తెలుసుకునేవాళ్లం.

నేను బడి మానేసిన కథ చిన్నది. ఏడో తరగతిలో లెక్కల సారు నా నోటుబుక్కు చూసి, "నీ బుర్రకు తుప్పు పట్టింది" అన్నాడు. నేను తుప్పు వదిలించే ఇంటి పిల్లను. ఆ మాట నాకు తిట్టులాగా కాక, పనికి పిలిచినట్టు వినిపించింది. మర్నాడే ఇనుప బ్రష్ పట్టుకుని అమ్మ వెనకాల నారాయణగూడలో ఒక షెడ్డు పనికి పోయాను. ఇనుము పనిలో కులాల్లాగా రెండు జాతులుండేవి. గీకేవాళ్లు ఆడవాళ్లు, పూసేవాళ్లు మగవాళ్లు. రోజంతా గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ముక్కులోనూ వెంట్రుకల్లోనూ ఎర్రదుమ్ము నింపుకుని ఇనుమును అద్దంలా చేసేది మేము. సాయంత్రం పూట చాయ్ తాగొచ్చి, కుంచె ముంచి, నాలుగు గీతలు గీసి, "చూడు ఎట్ల మెరుస్తున్నదో" అని మీసం దువ్వేది వాళ్లు. పెళ్లి చేసింది ఒకరైతే పేరంటం ఇంకొకరికి. ఇంటికొచ్చాక అమ్మ మాకు తలంటితే నీళ్లు ఎర్రగా పారేవి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. జొన్నరొట్టె కాలుతున్న వాసన, కుంచెలు నానేసిన కిరోసిన్ వాసన, తడిసిన ఇనుము వాసన, మూడూ కలిస్తే నా చిన్నతనం. అత్తరు దుకాణం వాడికి ఈ సంగతి చెప్తే రెండడుగులు వెనక్కి వేస్తాడు.

నాయన మాత్రం తక్కువవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. రంగు వేయడం ఆయనకొక మతం. అందులో ఆయనే పూజారి, ఆయనే దేవుడు, మేము చెప్పులు విడిచి నిలబడే భక్తులం. గీకిన ఇనుమును ఉత్త చేత్తో ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేవాడు. "చెమట చెయ్యి ఇనుముకు విషం. ఇయ్యాల ముట్టుకో, ఎల్లుండికి నీ ఏళ్ల అచ్చు జంగయి లేస్తది" అనేవాడు. జంగంటే తుప్పు. థిన్నరు గుడ్డతో జిడ్డు తుడవనిదే డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు. పొద్దుటి మంచు తడి ఆరకముందు వద్దు. నడి ఎండలో ఇనుము పెనంలా కాలుతున్నప్పుడు అసలే వద్దు, పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బొబ్బలు లేస్తుంది. గీకిన మేరకు ఆ పూటే ఎర్ర ప్రైమర్, అంటే అడుగు పూత, పడాలి, తెల్లారేదాకా ఉంచితే మళ్లీ గీకాలి. డబ్బా అడుగున పేరుకున్న మడ్డి పైకి వచ్చేదాకా కలపాలి, లేకుంటే పైన తేలిన నూనె పూసి, అసలు మందు డబ్బాలో వదిలేసినట్టే. అన్నిటికంటే ముందు అంచులు, బోల్టుల తలలు, వెల్డింగ్ అతుకులు. చిన్న కుంచెతో వాటికి ఒక పూత వేశాకే మిగతా ఒళ్లు. "రంగు నీళ్ల అసొంటిది, అంచు మీద నిలువది. జంగు దొంగ అసొంటిది, అంచుకెళ్లే లోపలికి జొర్రుతది" అనేవాడు. ఇన్ని తెలిసిన మనిషి, గల్లీ చివర కేఫ్‌లో ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచే ముందు కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసే మనిషి, ఒక్క చోట గుడ్డివాడయ్యేవాడు.

ఏ పని మొదలుపెట్టినా ఈశాన్యం మూల కాలికి పూజ చేయాలి. అందులో తప్పేం లేదు, ఎవరి నమ్మకం వారిది. కానీ ఎప్పుడు చేసేవాడంటే, మేము గీకి గీకి ఇనుమును తెల్లగా చేశాక, ప్రైమర్ పడకముందు. అమ్మ చేతివేలు తగిలితేనే విషమన్న మనిషి, నువ్వుల నూనెలో కలిపిన పసుపును అరచేత్తో దిట్టంగా పూసేవాడు. కుంకుమ బొట్లు పెట్టేవాడు. కాయ కొట్టి ఆ నీళ్లు దాని మీదే వంచేవాడు. కర్పూరం మసి తగిలించేవాడు. ఆ తరువాత వీటన్నిటి మీదుగా ప్రైమర్. "తుడిచి ఎయ్యరాదు?" అని అమ్మ ఒకసారి అంటే, నాయన ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. "ముత్తైదువ మొకం మీది బొట్టు తుడుస్తరానే?" అన్నాడు. జవాబు లేని ప్రశ్నలు అడగడంలో మా నాయన తరవాతే ఎవరైనా.

మేము ఆ గదిలోకి దిగిన ఏడు కూడా అంతే జరిగింది. నాలుగు కాళ్లకూ ఎర్ర ప్రైమర్, పైన వెండి రంగు. చూసినవాళ్లు పెళ్లికొడుకు కాళ్లలా ఉన్నాయన్నారు. మొదటి వానలకు మూడు కాళ్లు అట్లాగే ఉన్నాయి. ఈశాన్యం కాలు మీద పసుపు పూసిన మేర రంగు ఉబ్బి, పెచ్చు కట్టి, అప్పడంలా ఊడి కింద పడింది. ఊడిన చోట గుండ్రటి మచ్చ. అందులో కుంకుమ పెట్టిన చోట రెండు నల్లటి చుక్కలు. కొబ్బరినీళ్లు కారిన చోట, చాచిన నాలుకలాగా, ఎర్రటి తుప్పు చార. పొద్దున్నే బిందెతో వచ్చిన రాజమణమ్మ గారు అది చూసి బిందె కింద పెట్టేసింది.

"కిష్టయ్యా! జర ఇటు రా. ఇదేంది?"

నాయన పళ్లపుల్ల నోట్లోంచి తీయకుండానే వచ్చాడు. ఆ మచ్చను చూశాడు. నేను గుమ్మంలో కూర్చుని ఆయన మొహాన్ని చూశాను. రంగు ఊడటమంటే మేస్త్రికి బజార్లో పంచె ఊడటమే. "అమ్మా, నా రంగు ఊడది. నా చేతి రంగు ఊడిందంటే ఎవరో ఊడదీసుకున్నరనే అర్థం" అన్నాడు.

"ఎవరు?"

నాయన మెల్లగా తలెత్తి ట్యాంకు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. తరవాత మళ్లీ కాలిని చూసింది. రెండు కళ్లు, ఒక నాలుక. చేతులు జోడించి, "తల్లీ, నా ఇంట్ల వెలిసినవా!" అంది. నాయన తానూ జోడించాడు. అంతే. పళ్లపుల్ల నోట్లో ఉండగానే మా నాయన ఒక దేవతను పుట్టించాడు.

సాయంత్రం రొట్టెలు కొడుతూ అమ్మ అంది: "ఆయనకు ఇజ్జత్ దక్కింది. ఆమెకు అమ్మవారు దక్కింది. మనకేం దక్కింది? నెత్తి మీద ట్యాంకు."

దేవత వెలిసినాక ఊరుకుంటారా? రోజూ పొద్దున్నే చెంబుడు పసుపు నీళ్లు. మంగళవారం నిమ్మకాయలు పిండి పోయడం. శుక్రవారం పెరుగన్నం. పండగలకు సాక పేరుతో కల్లు ధార. నారాయణగూడ నుంచి, హిమాయత్‌నగర్ నుంచి కూడా ఆడవాళ్లు రావడం మొదలైంది. కొడుకు పరీక్ష తప్పిన తల్లులు, కోడలితో పడని అత్తలు, అత్తతో పడని కోడళ్లు. అందరూ ఒకే కాలికి మొక్కేవాళ్లు, ఆ కాలు ఎవరి పక్షాన ఉందో నాకెప్పుడూ తేలలేదు. ఇనుముకు ఏవేవి పడవో అవన్నీ వరసగా తెచ్చి పోశారు మహానుభావులు. ఉప్పొక్కటే తక్కువైందనుకుంటే, ఎవరో దిష్టి తీసి అదీ పోశారు. ఏడాదికోసారి నాయన మిగతా మూడు కాళ్లకూ రంగు వేసి, నాలుగో దాని ముందు దండం పెట్టి వెనక్కి తిరిగేవాడు. అమ్మవారిని గీకుతారా? గీకలేక కాదు. గీకితే, అది రంగు ఊడటమేనని తానే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆ కాలు మా వంటింటి మూల. బయట సగం దేవత, లోపల సగం మా పొయ్యి పక్కన స్తంభం. కొన్నేళ్లకు లోపలి వైపు పొక్కులు లేచాయి. మొదట చింతగింజలంత, తరవాత పల్లీ చిక్కీ ముక్కలంత. పప్పులో పడేవి. నాయన పంటి కింద కరకరమంటే, "రాయి ఏరలేదానే?" అని అమ్మను కసిరేవాడు. "రాయి కాదు, నీ అమ్మవారు" అనేది అమ్మ. పొద్దున మోటారు వేసి ట్యాంకు నింపుతుంటే ఆ మూల నుంచి ముసలి మంచం మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చేది. ముందు లేని చప్పుడు అది. అది మొదలైన రోజే అమ్మ మా చాపలన్నీ ఎదురు మూలకు జరిపింది. నన్నూ చెల్లినీ గోడకు ఆనించి పడుకోబెట్టి, తాను మాకూ ఆ కాలికీ నడుమ పడుకునేది, ట్యాంకు పడితే చేత్తో ఆపేదానిలా. నాయన పడుకునే చోటు మాత్రం మార్చలేదు. మేస్త్రి గదా, పరువు అక్కడే పడుకోవాలి.

అమ్మ ఊరికే కూర్చోలేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరని చూసి బ్రష్ తీసి రెండు రుద్దులు రుద్దింది. ఆ చప్పుడుకు రాజమణమ్మ గారు నిద్రలోంచి లేచి పరుగున వచ్చింది. ఆ వయసులో ఆమెను పరిగెత్తించిన శక్తి దైవమే అయ్యుండాలి. "బాలమ్మా! ఆ కాలు మీద ఇంకోసారి బ్రష్ పడ్డదా, అదే పూట గది ఖాళీ చేయాలె. చెప్తున్న" అంది. ఆ వానల్లో ఆడపిల్లలిద్దరిని తీసుకుని ఎక్కడికి పోవాలి? అమ్మ బ్రష్ కింద పెట్టింది. కనీసం పక్కన ఒక దన్ను కర్ర అయినా పెట్టమని నాయనను బతిమాలింది.

"జనం ఏమంటరే? అమ్మవారికి ముసల్దాని లెక్క చేతికర్ర ఇచ్చిండంటరు."

"పడి చస్తే ఏమంటరు?"

"నీకు నమ్మకం లేదు, గదే నీ బాధ."

"నమ్మకం ఉన్నది. అది పడుతదని పూర్తి నమ్మకం ఉన్నది."

సంగతి ఇక్కడికొచ్చి ఆగింది. గీకితే గది పోతుంది, గీకకపోతే గది మీద ట్యాంకు పడుతుంది. రెండింటిలో ఏది ముందన్నదే ప్రశ్న. ఆ ఏడు బోనాలకు రాజమణమ్మ గారు ఇంకా ముందుకు పోయింది. ఎక్కడికో ఎందుకు, మన ఆవరణలో వెలిసిన తల్లికే బోనం ఎత్తుదామంది. డప్పులు పిలిపించింది. పోతరాజు వేషానికి గల్లీ చివర సైకిల్ షాపువాణ్ణి పిలిచారు. వాడు కొరడా ఝళిపించి కూరగాయల బండి తాడు తెంపాడు. ఆవరణలో కిరాయికున్న ఆడవాళ్లందరితో పాటు అమ్మ కూడా బోనం ఎత్తుకుంది. వేపమండలు, పసుపు చీర, తల మీద కుండ, కుండ మీద దీపం. ట్యాంకు కాలి ముందుకు వచ్చేసరికి డప్పువాడు దంచి కొడుతున్నాడు. ముందు అమ్మ నెత్తి మీద కుండ ఊగింది. ఎవరో కుండ అందుకున్నారు. అమ్మ జుట్టు విప్పుకుంది. మా అమ్మ జుట్టు విప్పగా పది మందిలో ఎప్పుడూ చూడలేదు నేను. చెల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి జరిగాను. రాజమణమ్మ గారు మాత్రం అదృష్టం పట్టినట్టు ముందుకొచ్చి, హారతి పట్టి అడిగింది.

"తల్లీ, వచ్చినవా? ఏం తక్కువ చేసినం చెప్పు తల్లీ!"

అమ్మ ఊగుతోంది. గొంతు అమ్మది కాదు, ఎక్కడో కుండలోంచి వచ్చినట్టుంది. "ఒళ్లంత దురద... ఒళ్లంత దురద పెడుతున్నది బిడ్డా. చెంబులకు చెంబులు పోస్తిరి, చలి పెడుతున్నది. నెత్తి మీద బరువు పెడితిరి, నడుం ఇరుగుతున్నది."

"ఏం చెయ్యమంటవ్ తల్లీ?"

"నెత్తి మీది నీళ్లు దించుండ్రి. నన్ను గీకుండ్రి. మెరిసేదాకా గీకుండ్రి. గీకినంక ఎవ్వరి చెయ్యి నా మీద పడొద్దు."

డప్పువాడు ఆపేశాడు. నాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ మాటలు ఆయనకు ఎక్కడో విన్నట్టు అనిపించి ఉంటుంది.

"తరవాత తల్లీ?"

"ఎర్రచీర కట్టుండ్రి. గీకిన పూటే కట్టుండ్రి, తెల్లారిందాకా ఒంటి మీద బట్ట లేకుంట బరిబాత ఉంచొద్దు. తడి మీద కట్టొద్దు, వాన తెరిపిచ్చిన నాడు చూడుండ్రి. నడి ఎండల కట్టొద్దు. ముందు అంచులు... అంచులు సక్కగ కట్టుండ్రి. ఆరినంక ఇంకో ఎర్రచీర. దాని మీద ఎండి చీర."

రాజమణమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ అసలు ప్రశ్న అడిగింది. "మరి పసుపు కుంకుమ తల్లీ?"

అమ్మ ఊగడం ఒక్కసారి ఆగింది. నేరుగా మా నాయన మొహంలోకి చూసి, "ముందు చీర. చీర ఆరినంకనే బొట్టు. ఉత్త ఒంటి మీద బొట్టు పెట్టినోడి ఇంట్ల నేను నిలువ" అంది. అని, వేపమండల మీద పడిపోయింది. ఎవరో మొహాన నీళ్లు చల్లారు. నాయన కిందికి చూస్తూ, "అట్లనే తల్లీ" అన్నాడు. ఆయన నోట ఆ మాట మా గదిలో అంతకుముందు నేను వినలేదు.

వాన తెరిపిచ్చిన మొదటి పొద్దున ట్యాంకు ఖాళీ చేశారు. ఆవరణంతా చేరింది. అమ్మా నేనూ బ్రష్‌లు పట్టుకున్నాం. అమ్మకేమో తానేమన్నదీ గుర్తులేదట, అందరూ చెప్తే వింటోంది. తుప్పు రొట్టె పొరల్లా లేచి వచ్చింది. పైనంతా పరవాలేదు. అడుగున, చెంబుల నీళ్లు నిలిచే చోట, అమ్మ సుత్తితో చిన్నగా తట్టింది. టంగుమనలేదు. పచ్చి గోడను తట్టినట్టుంది. ఇంకోసారి తట్టింది. సుత్తి మూతి లోపలికి పోయింది. బొటనవేలు పట్టేంత చోట మాత్రం ఇనుము మిగిలి ఉంది, మిగతా అంతా రంగు పెచ్చులు, తుప్పు పిండి, పసుపు, నమ్మకం. ట్యాంకు ఇన్నాళ్లు దేని మీద నిలబడిందో తెలియని జనం నోళ్లు నొక్కుకున్నారు. రాజమణమ్మ గారు వంగి ఆ రంధ్రంలోకి చూసింది. "తల్లీ, లోపల ఇంత ఉత్తగ ఉన్నవా!" అంది. వెక్కిరింతగా కాదు పాపం, జాలిగా. ఆ మాటకు నేను నవ్వితే అమ్మ నా కాలు తొక్కింది. నాయన మాత్రం నవ్వలేదు. తాను పడుకునే చోటు వైపు, ఆ రంధ్రం వైపు, మార్చి మార్చి చూశాడు. వెల్డింగువాణ్ణి పిలవడానికి చెప్పులు వేసుకోకుండానే పోయాడు.

కుళ్లిన మేర కోసి కొత్త పైపు అతికించారు. అంచులకు ముందు పూత, తరవాత ఎర్రచీర, అది ఆరాక ఇంకో ఎర్రచీర, పైన వెండి చీర. ఎవరూ చెయ్యి వేయలేదు, అమ్మవారి ఆజ్ఞ మరి. నాయన చెప్పినన్నాళ్లూ వినని కుర్ర పెయింటర్లు కూడా ఆ రోజు పట్టు గుడ్డ పట్టినట్టు కుంచె పట్టారు. పూర్తిగా ఆరాక రాజమణమ్మ గారు బొట్టు పెట్టింది. ఆ రంగు మేము ఆ గది విడిచే దాకా ఊడలేదు. ఆ తరవాత నాయన ఏ పనిలోనైనా పూజ చివరి పూత ఆరాకే చేసేవాడు. ఎవరన్నా ఆచారం తప్పిందేమని అడిగితే, "అమ్మవారు చెప్పింది" అనేవాడు. అమ్మ చెప్పిందని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇప్పుడా ఆవరణ లేదు. ట్యాంకూ లేదు. మమత దగ్గర్నుంచి వస్తూ అటు వెళ్తే, అక్కడ లేచిన భవనం అద్దాల్లో నా మొహం నాకే కనబడి బెదిరిపోయాను. రాజమణమ్మ గారి మూఢభక్తిని తలుచుకుని జీవితమంతా నవ్వాను నేను, ఇంకా నవ్వుతాను, అది నా హక్కు. కానీ ఒక్కటి మాత్రం ఆమె ఖాతాలో వేయాలి. మూఢురాలైనా ఆ కాలిని రోజూ చూసింది. పోసిందో పూసిందో, పొద్దున్నే లేచి దాని మొహం చూసింది. అశోక్‌నగర్ ఓనరు తన స్తంభానికి పసుపు పూసిన రోజున ఫొటో దిగి ఉంటాడు, అంతటితో సరి. దాన్ని గచ్చులోనో రేకులోనో కప్పేస్తారు. లోపల ఏం జరుగుతోందో చూసే భక్తుడు కూడా ఉండడు. పై గదుల్లో పిల్లలు రాజ్యాంగంలో ఏ అధికరణం ఏ హక్కు ఇస్తుందో బట్టీ పడుతుంటారు. నెత్తి మీద ఉన్నదాన్ని ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న వాళ్ల సిలబస్‌లో లేదు. సెంటిమెంటు మిగిలింది, భయం పోయింది. మా కాలంలో కనీసం రెండూ కలిసి ఉండేవి.

అమ్మ పోవడానికి ముందు, అంబర్‌పేట్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం అడిగాను. ఎన్నో ఏళ్లు నాలుక చివరన ఉంచుకున్న ప్రశ్న. నాయన పోయి అప్పటికి చాలా కాలమైంది. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"అమ్మా, ఆనాడు నీ మీదికి నిజంగ వచ్చిందా?"

"ఏందే, ఇప్పుడెందుకు?"

"ఊరికే."

గింజ తీసి పక్కన వేసింది. "నేను ఉత్తగ చెప్తే మీ నాయన ఎన్నడన్న విన్నడా?"

"లేదు."

"ఆ ముసలామె?"

"లేదు."

"మరి ఆనాడు విన్నరా, లేదా?"

"విన్నరు."

అమ్మ నా వైపు చూడలేదు. ఇంకో పండు విప్పుతూ, "ఇంక నన్నెందుకు అడుగుతున్నవే? ఎవరొచ్చి ఉంటరో నువ్వే చెప్పు" అంది.